వెనక తలుపు విభాగం

మా దివ్విలపాడు మున్సిపాలిటీకి ఒక పికప్పు బండి ఉంది. కొన్నప్పుడు తెల్లగా ఉండేదని పాత ఫైల్లో రాసి ఉంది. ఇప్పుడు దాని రంగు ఏమిటన్నది ఏ రికార్డులోనూ నమోదు కాలేదు. దానికి డ్రైవరు గైరయ్య. పొద్దున్నే ఫిల్టరు హౌసు దగ్గర నలభై క్యాన్ల మంచినీళ్ళు ఎక్కించుకుని కొత్తూరు వీధికి తీసుకెళ్ళడం అతని పని. కొత్తూరు వీధి ఉప్పుటేరు గట్టున ఉంటుంది. అక్కడ ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే పడతాయి. ఆ వీధివాళ్ళు పప్పులో ఉప్పు వేసుకోరు, అక్కర్లేదు కనక.

బండికి ఒకే ఒక లోపం. వెనక తలుపు సరిగ్గా మూసుకోదు. ఎడమ పక్క గడియ పడుతుంది, కుడి పక్కది పడదు. కుదుపు రాగానే తలుపు ధడాల్న కిందికి వాలిపోతుంది. గైరయ్య దానికి ఎప్పుడో ఉపాయం కనిపెట్టాడు. పడవలకి వాడే నైలాను తాడు తెచ్చి రెండు చుట్లు చుట్టి ముడేసేవాడు. అలా ఎనిమిదేళ్ళు నడిచింది. ఒక్క క్యాను పడలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

అప్పుడు పైనుంచి ‘వాహన గౌరవ పక్షోత్సవాలు’ వచ్చాయి.

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. టపా విప్పేది నేనే. ఆ సర్క్యులర్‌ని కమిషనర్ చిదంబరరావు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మంచివాడు. పైనుంచి వచ్చిన కాగితం ఏదైనా లేచి నిలబడి చదువుతాడు. అది పదకొండు పేజీల సర్క్యులర్ కావడంతో మధ్యలో ఒకసారి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది.

“విన్నావుటయ్యా, ‘ప్రభుత్వ వాహనములను గాని, వాటి భాగములను గాని తాడు, తీగ, పురికొస, పాతచీర మొదలగు వాటితో బంధించుట ప్రభుత్వ ప్రతిష్ఠకు భంగకరము.’ మన బండికి తాడుందా?”

“ఉందండి.”

“తక్షణం విప్పించు.”

విప్పించాను. గైరయ్య ముడి విప్పుతూ, “తాడు తీసీడం ఎంతసేపు బాబూ. మరి తలుపుకేటి సెప్తారు?” అన్నాడు. ఆ విషయం సర్క్యులర్‌లో లేదని చెప్పాను.

మర్నాడు బస్టాండు మలుపులో తలుపు వాలిపోయింది. ఏడు క్యాన్లు రోడ్డు మీదికి దొర్లాయి. అందులో ఒకటి మంగలి షాపులోకి పోయి, సగం గెడ్డం గీయించుకున్న ఒక టీచరు గారి కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన మొహాన నురగతోనే ఆఫీసుకి వచ్చి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు మీద కూడా కాస్త నురగ పడింది. ఫైల్లో ఇప్పటికీ ఆ మరక ఉంది.

ఇక తలుపు బాగుచేయించక తప్పలేదు. బాగుచేయించాలంటే ప్రతిపాదన పంపాలి. ప్రతిపాదన పంపాలంటే ఒక ఫారం ఉంది. ఆ ఫారంలో ‘చెడిపోయిన భాగము పనిచేయుచున్నదా, లేదా’ అని ఒక గడి ఉంది. నేను ‘లేదు’ అని రాశాను. కమిషనర్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

“తలుపు ముఖ్యమైన పని ఏమిటి?”

“మూసుకోవడం అనుకుంటానండి.”

“తొందరపడకు. తెరుచుకోనిదాన్ని తలుపు అనం, గోడ అంటాం. కాబట్టి తలుపుకి మొదటి ధర్మం తెరుచుకోవడం. మన తలుపు తెరుచుకుంటోందా?”

“దానంతటదే తెరుచుకుంటోందండి.”

“మరింకేం, అవసరానికి మించి పనిచేస్తోంది. పనిచేయడం లేదని సంతకం పెడితే రేపు ఆడిట్‌లో నా మాటేమిటి?”

అందుకని ఆ గడిలో ఇలా రాశాం: ‘సదరు పృష్ఠ ద్వారము తెరుచుకొనుట యందు సంపూర్ణ సామర్థ్యమును, మూసుకొనుట యందు కొంత విముఖతను ప్రదర్శించుచున్నది.’ ‘పృష్ఠ ద్వారము’ నా మాటే. వెనక తలుపు అని రాస్తే ఫైలుకి బరువుండదని అలా రాశాను. పైవాళ్ళు నాలుగు రోజుల్లో తిరగ్గొట్టారు. పూర్తిగా పనిచేయని భాగాలకే మరమ్మతు వర్తిస్తుందనీ, సగం పనిచేసేవాటిని ‘అందుబాటులో ఉన్న సిబ్బందితో సర్దుబాటు చేసుకోవలె’ననీ రాశారు.

కమిషనర్ గారు ఆ ఆఖరి వాక్యాన్ని నిలబడి రెండుసార్లు చదివారు. “సిబ్బందితో,” అన్నారు నెమ్మదిగా. “తాడుతో కట్టకూడదన్నారు గాని, మనిషి పట్టుకోకూడదని ఎక్కడా అన్లేదు.”

ఆఫీసులో అటెండరు డిల్లేశ్వరరావు ఉన్నాడు. బెల్లు కొడితే వచ్చేవాడు, కొట్టకపోతే నిద్రపోయేవాడు. అతన్ని బండి తొట్టిలో కూర్చోబెట్టి, రెండు చేతులతో తలుపు పట్టుకోమన్నాం. ఉత్తర్వు నేనే రాశాను. ‘తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు శ్రీ డిల్లేశ్వరరావు పృష్ఠ ద్వారమును వదలరాదు.’

అతను కూర్చోవడానికి చోటు కావాలి కదా. నాలుగు క్యాన్లు తీసేశాం. ముప్ఫై ఆరు మిగిలాయి.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు దారిలో డిల్లేశ్వరరావు ముక్కు మీద ఈగ వాలింది. ఉత్తర్వులో వదలరాదని ఉంది. అతను వదల్లేదు. కొత్తూరు వీధి దాకా ఈగని భరించి, దిగగానే ఏడ్చాడు. అతని బాధ ఫైల్లో పెట్టాను. రెండు చేతులూ ప్రభుత్వ విధిలో ఉన్న ఉద్యోగికి సొంత అవసరాల నిమిత్తం మరో రెండు చేతులు ఉండాలని కమిషనర్ గారు భావించారు. చెత్త విభాగం నుంచి ఇంకో మనిషిని వేశాం. ముప్ఫై రెండు క్యాన్లు.

తలుపు పట్టుకున్నవాళ్ళ మొహాలు వెనక్కి ఉంటాయి. ముందు స్పీడు బ్రేకరు వస్తే వాళ్ళకి తెలీదు. అందుకని ముందుకి చూస్తూ “ఎత్తు వస్తోంది” అని అరవడానికి ఒక మనిషి. తలుపుతో పాటు పట్టుకున్నవాళ్ళు కూడా పడిపోతే ఎవరు బాధ్యులని ఇంజినీరు గారు అడిగారు. అందుకని వాళ్ళ నడుం బెల్టులు పట్టుకుని కూర్చోవడానికి ఇద్దరు. ఇంతమంది ఉన్నచోట సూపర్‌వైజరు లేకపోతే ఎలా. సూపర్‌వైజరు గారు కింద కూర్చోరు. కుర్చీ ఎక్కించాం. ఎండకి ఆయనకి కళ్ళు తిరిగితే పైన టార్పాలిను కట్టించాం. తాళ్ళతో కట్టకూడదు కనక నాలుగు కొసలకి నలుగురిని పెట్టాలనుకున్నాం గాని, ఇంజినీరు గారు బోల్టులతో బిగిద్దామన్నారు. ఆ రోజు ఆయన ఆఫీసులో అందరికన్నా తెలివైనవాడిగా కనిపించారు.

నెల తిరిగేసరికి తొట్టిలో ఎనిమిది క్యాన్లు పట్టేవి.

డిల్లేశ్వరరావు మాత్రం మారిపోయాడు. అతనికి ‘ద్వార నిర్వాహకుడు’ అని బిళ్ళ ఇచ్చాం. దాన్ని చొక్కాకి పెట్టుకుని సినిమాకి కూడా వెళ్ళేవాడు. అటెండరు అల్లుడని ఏనాడూ ఇంటికి రాని అత్తగారు బస్సెక్కి వచ్చి, వీధి మలుపులో నిలబడి, అల్లుడు ప్రభుత్వాన్ని రెండు చేతులా పట్టుకుని వెళ్ళడం చూసి మురిసిపోయింది. సాయంత్రం ఇంట్లో అతనికి కోడికూర వండారట. మర్నాడు ఆఫీసులో అందరికీ చెప్పాడు.

కొత్తూరు వీధివాళ్ళకి మాత్రం కోడికూర లేదు. అరవై ఇళ్ళకి ఎనిమిది క్యాన్లు. బండి ఆగగానే తోసుకునేవారు. ఒకావిడ గైరయ్యని అడిగింది, “నీల్లు తెస్తన్నావా, పెల్లివోరిని తెస్తన్నావా?” అని. గైరయ్య తల వంచుకుని క్యాన్లు దింపాడు. తర్వాత నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“గుమస్తా బాబూ, రోజూ ఆల మొకాలు సూళ్ళేకపోతన్నాను. ఆ తాడో, లేపోతే సుత్తి దెబ్బో, ఏదోటి ఒప్పుకోండి. పసిపిల్లలు ఉప్పునీల్లు తాగతన్నారు.”

నేను అతని మాటల్ని ‘వాహన చోదకుని మనోవేదన’ అనే శీర్షిక కింద నోట్ ఫైల్లో చేర్చాను. అంతకన్నా ఏం చేయాలో నాకు తోచలేదు. తోచకపోవడం నాకు అలవాటే గాని, ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఈలోగా మా వారపు నివేదికలు పైకి వెళ్తూనే ఉన్నాయి. ‘క్రింద పడిన క్యాన్లు: ఏడు. సిబ్బంది నియామకము తర్వాత పడినవి: ఏమియు లేవు.’ అందులో ఒక్క అబద్ధం లేదు. పైవాళ్ళు చాలా సంతోషించారు. జిల్లాలో ఏ మున్సిపాలిటీకీ ఇంత మంచి ఫలితం లేదట. దీన్ని శాశ్వత విభాగం చేయమనీ, హాజరు, తలుపు స్థితి ఎప్పటికప్పుడు రాయడానికి ఒక బాధ్యతగల ఉద్యోగిని బండిలోనే ఉంచమనీ ఉత్తర్వు వచ్చింది. బాధ్యతగల ఉద్యోగి నేనే. నాకో బల్ల, కుర్చీ, రిజిస్టర్లకి ఒక ఇనప్పెట్టె ఎక్కించారు.

ఆ రోజు పొద్దున్న గైరయ్య ఫిల్టరు హౌసు దగ్గర బండి ఆపి, తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. క్యాను పెట్టడానికి చోటు లేదు.

“సూపర్‌వైజరు గారూ, ఒక్కటైనా పెట్టమంటారా? మీ వొళ్ళో?” అన్నాడు.

ఆయన నా వైపు చూశారు. నేను రిజిస్టరు వైపు చూశాను. వొళ్ళో క్యాను పెట్టుకునే నిబంధన లేదు. గైరయ్యతో కలిపి ఎనిమిది మందిమి, ఒక్క చుక్క నీళ్ళు లేకుండా, తలుపుని భద్రంగా పట్టుకుని కొత్తూరు వీధికి వెళ్ళి, పది నిమిషాలు ఆగి, తిరిగి వచ్చాం. ‘క్రింద పడిన క్యాన్లు: ఏమియు లేవు’ అని రాశాను. కలం కొంచెం ఆగింది గాని, రాశాను.

ఇలా నాలుగు రోజులు. వీధివాళ్ళు మొదటి రోజు తిట్టారు. రెండో రోజు నవ్వారు. మూడో రోజు బిందెలు తెచ్చుకోలేదు, ఊరికే గుమ్మాల్లో నిలబడి చూశారు. తిట్టినప్పుడే నయమనిపించింది.

అయిదో రోజు రీజనల్ డైరెక్టర్ గారు విభాగాన్ని కళ్ళారా చూడాలని వచ్చారు. కొత్తూరు వీధిలోనే ఏర్పాటు చేశాం. షామియానా వేశాం, మైకు పెట్టాం, పూలదండలు తెచ్చాం. అతిథులకి సీసా నీళ్ళు వేరే ఊరినుంచి తెప్పించాం. డైరెక్టర్ గారు మాట్లాడారు.

“ఒకప్పుడు ప్రభుత్వం అంటే తాడు. ఇవాళ ప్రభుత్వం అంటే చెయ్యి. వెనక తలుపును మానవ వనరుల దృక్కోణంలో చూసిన తొలి పట్టణంగా దివ్విలపాడు నిలిచిపోతుంది.”

చప్పట్లు కొట్టాలి గనక విభాగం సిబ్బంది అందరం బండి దిగి షామియానా కిందికి వచ్చాం. డిల్లేశ్వరరావుకి శాలువా కప్పుతున్నారు. తలుపు వాలిపోయి వేలాడుతోంది. దాన్ని చూసుకునేవాళ్ళు ఆ క్షణంలో ఎవరూ లేరు.

ఆ వీధిలో నూకరత్నం అని ఒకావిడ వెల్డింగు షాపు నడుపుతుంది. కిటికీ ఊచలు, గేట్లు, పడవ లంగర్లు ఏవైనా చేస్తుంది. ఆవిడ కొంగు బిగించి, ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో గునపం ముక్క పట్టుకుని బండి వెనక్కి వచ్చింది. గైరయ్య అక్కడే టైరుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

“అన్నా, కుడి పక్క గడియ పడ్డం లేదు, అంతేనా?”

“అంతే, నూకరత్నం.”

ఆవిడ వంగి చూసింది. “గడియ బాగానే ఉందన్నా. గడియ దూరే ఇనప్పట్టీ బయటికి ఒంగిపోనాది. ఎప్పుడో బరువెక్కువేసుంటావు.” గునపం ముక్క పట్టీ వెనక దూర్చి, సుత్తితో ఒక దెబ్బ కొట్టింది. వంగి చూసి ఇంకో దెబ్బ కొట్టింది. తలుపు ఎత్తి తోసింది.

‘టక్’మంది.

చిన్న చప్పుడే. కానీ మైకు పక్కనే ఉంది కనక వీధంతా వినిపించింది. చప్పట్లు ఆగిపోయాయి. డిల్లేశ్వరరావు భుజం మీది శాలువా జారింది. అతను పరుగెత్తుకెళ్ళి తలుపుని రెండు చేతులా పట్టుకున్నాడు. అది కదల్లేదు. వదిలాడు. అప్పుడూ కదల్లేదు. అతని మొహంలో అంత దిగులు నేను ఈగ వాలిన రోజు కూడా చూడలేదు.

డైరెక్టర్ గారు మెల్లగా నడిచి వచ్చారు. గడియ తీశారు. తలుపు తెరుచుకుంది. ఎత్తి తోశారు. టక్‌మంది. మళ్ళీ తీశారు, మళ్ళీ తోశారు. నేను అలవాటు కొద్దీ రిజిస్టరులో గీతలు పెట్టాను. మొత్తం పదకొండుసార్లు. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. పన్నెండోసారికి చెయ్యి ఎత్తబోయి, చుట్టూ చూసి, హోదా గుర్తొచ్చి, గొంతు సవరించుకున్నారు.

“ఎవరి ఉత్తర్వుల మీద ఈ తలుపు మూసుకుంది?”

కమిషనర్ గారు నా వైపు చూశారు. నూకరత్నం సుత్తిని భుజాన పెట్టుకుని, “నేనేనండి. ఇంట్లో తాగడానికి నీల్లు లేవు. ఉత్తర్వులొచ్చీదాకా ఆగలేకపోనాను,” అంది.

“మీరు ఏ విభాగం?”

“ఈ వీధేనండి.”

ఆయన, విషయం ‘పరిశీలనలో ఉంచడమైనది’ అని చెప్పి కారెక్కి వెళ్ళిపోయారు. గైరయ్య కమిషనర్ గారి దగ్గరికి వచ్చి, “నీల్లు తేనా బాబూ?” అని అడిగాడు. కమిషనర్ గారు చేతిలోని ఫైలు తిరగేశారు. కాదనడానికీ కాగితం లేదు, అవుననడానికీ కాగితం లేదు.

నేను బల్లా కుర్చీ దింపించాను. నా ఉద్యోగ జీవితంలో ఉత్తర్వు లేకుండా చేసిన మొదటి పని అది. మొదట నా బల్ల, తర్వాత సూపర్‌వైజరు గారి కుర్చీ, ఇనప్పెట్టె. వీధివాళ్ళు చెయ్యేశారు. గైరయ్య ఖాళీ బండి వేసుకుని వెళ్ళాడు. ముప్పావు గంటలో నలభై క్యాన్లతో వచ్చాడు. బస్టాండు మలుపులో కావాలనే కాస్త వేగంగా తిప్పి చూశానని తర్వాత నాతో చెప్పాడు. ఒక్కటీ పడలేదట. అది చెప్పేటప్పుడు అతను నవ్వడం మొదటిసారి చూశాను. పళ్ళు బాగున్నాయి.

కథ ఇక్కడితో అయిపోవాలి గాని, ఆఫీసులో ఏదీ అయిపోదు.

అనుమతి లేకుండా తలుపు మూసినందుకు నూకరత్నానికి మెమో ఇవ్వాలన్నారు. ఆవిడ ఉద్యోగి కాదు గనక వీలుపడలేదు. మెమో ఇవ్వాలంటే ముందు ఉద్యోగం ఇవ్వాలి. ఇస్తామని కబురు పెడితే, చేతినిండా పనుంది, ఖాళీ లేదంది. అందుకని ‘ప్రభుత్వ వాహనమును సుత్తికి అందుబాటులో ఉంచినందుకు’ గైరయ్యకి మెమో ఇచ్చాం. అతను జవాబు నాచేత రాయించాడు. ‘అయ్యా, తలుపు మూసుకుంది. తెరిచి చూశాను, తెరుచుకుంది. మళ్ళీ మూశాను, మూసుకుంది. ఇంతకంటే నాకేమీ తెలియదు. చిత్తగించవలెను.’ దాన్ని భాషాపరంగా మెరుగుపరచమని అతను అడగలేదు. నేనూ చేయలేదు.

విభాగాన్ని రద్దు చేయడం మాత్రం కుదర్లేదు. శాశ్వతమని ఉత్తర్వులో ఉంది. కమిషనర్ గారు దాన్ని ఆఫీసులోకి మార్చారు. డిల్లేశ్వరరావు ఇప్పుడు కమిషనర్ గారి గది తలుపు పట్టుకుని నిలబడతాడు. ఆ తలుపు శుభ్రంగా మూసుకుంటుంది, అయినా పట్టుకుంటాడు. అత్తగారు ఇప్పుడు ఎండలో నిలబడక్కర్లేకుండా లోపల బెంచీ మీద కూర్చుని చూస్తోంది.

డైరెక్టర్ గారి పరిశీలన రెండు నెలలకి పూర్తయింది. మా ఊరి విజయాన్ని మిగతా పట్టణాలకీ విస్తరిస్తూ కొత్త సర్క్యులర్ వచ్చింది. ఏ మున్సిపాలిటీ బండికి వెనక తలుపు మూసుకోదో, ఆ మున్సిపాలిటీకి ఆరుగురు సిబ్బందితో ఒక విభాగం మంజూరు.

ఆ మరుసటి వారం నేను కొత్తూరు వీధిలో నీటి పంపిణీ చూడ్డానికి వెళ్ళాను. నూకరత్నం షాపు ముందు పక్క ఊరి మున్సిపాలిటీ పికప్పు ఆగి ఉంది. కొత్త బండి. ఆ ఆఫీసు మేనేజరు గారు నాకు తెలిసినాయనే, చేతిలో సర్క్యులర్ కాపీ పట్టుకుని నిలబడ్డారు. నూకరత్నం తలుపు తెరిచి, మూసి, గడియలు రెండూ వేలితో తడిమి చూసింది.

“దీనికేటీ రోగం నేదు కదండి. బేసుగ్గా పడతంది.”

“అదేనమ్మా మా ఇబ్బంది,” అన్నారాయన గొంతు తగ్గించి. “నెలాఖరులోగా పడకుండా చెయ్యాలి. ఇద్దరు మెకానిక్కుల్ని అడిగాం, వాళ్ళవల్ల కాలేదు. నీది మంచి చెయ్యని విన్నాం.”

నూకరత్నం ఆయన వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. సుత్తి తీసి లోపల గోడకి తగిలించి వచ్చింది.

“నాకు బాగుసెయ్యడమే వచ్చునండి. సెడగొట్టాలంటే ఆఫీసుకే తీసుకెళ్ళండి.”

ఆయన నన్ను మా ఆఫీసు అడ్రసు అడిగారు. చెప్పాను.